ఇల్లు కొనేముందు ఇంటికి వైద్య పరీక్ష

కుండ కొనేవాళ్ళు దాన్ని వేలి కణుపుతో తట్టి వింటారు. ఖంగున మోగితే డబ్బిస్తారు, పగిలిన గొంతుతో పలికితే పక్కన పెడతారు. నెర్రె ఉన్న కుండలో కంపనాలు నెర్రె దగ్గరే ఆగిపోయి త్వరగా చచ్చిపోతాయి. ఆ సంగతి ఏ పుస్తకంలోనూ చదవకపోయినా మన చెవికి తెలుసు.

ఒక కుండకు ఇంత పరీక్ష చేసే మనం, జీవితకాలపు పొదుపంతా పోసి, ఆపైన ఇరవయ్యేళ్ళ అప్పు నెత్తిన పెట్టుకుని ఇల్లు కొనేటప్పుడు ఏం చేస్తున్నాం? వాస్తు చూపిస్తాం. దస్తావేజులు ప్లీడరు చేత చదివిస్తాం. కుళాయి తిప్పి నీళ్ళు చూస్తాం. స్లాబు లోపలి ఇనుము ఏ స్థితిలో ఉందని అడిగేవారు మాత్రం చాలా తక్కువ. "ఇల్లు కట్టి చూడు" అన్నారు గాని "కొని చూడు" అనలేదు మన పెద్దలు. ఆ రోజుల్లో ఇల్లు కట్టుకోవడమే తప్ప కొనడం అరుదు కాబట్టి కాబోలు.

కొనేముందు ఇంటిని నిపుణుడి చేత పరీక్ష చేయించడం కొన్ని దేశాల్లో మామూలు విషయం. అమెరికాలో ఈ పని చేసేవారు 1976లోనే ఒక వృత్తి సంఘం పెట్టుకున్నారు. బేరం కుదిరాక, డబ్బు చేతులు మారకముందు, తనిఖీదారు వచ్చి రెండు మూడు గంటలు ఇల్లంతా తిరిగి నివేదిక రాసి ఇస్తాడు. అందులో పెద్ద లోపం బయటపడితే కొనేవాడు బేరం తగ్గించవచ్చు, లేదా తప్పుకోవచ్చు. ఆ తనిఖీదారు ఏం చూస్తాడు? కంటికి కనిపించనిదాన్ని ఎలా పట్టుకుంటాడు? ఇందులో ఉన్న సైన్సు మన పాఠ్యపుస్తకాల్లోనిదే.

ఎముకలు కనిపించే ఇల్లు

ముందు ఒక అడవి పల్లెకు వెళదాం. భద్రాచలానికి ఉత్తర దిశలో, ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం సుక్మా జిల్లాలో, దోర్నపాల్ నుంచి జగర్‌గుండ పోయే దారిలో చింతలనార్ ఉంది. 'నార్' అంటే గోండీ భాషలో ఊరు. మొదటి సగం తెలుగువారికి చెప్పనక్కరలేదు. ఈ ఊరి పేరు మనకు ఎక్కువగా కాల్పుల వార్తల్లోనే వినిపించింది. మనకిక్కడ కావలసింది అక్కడి ఇల్లు.

బస్తర్ పల్లెల్లోని పాతకాలపు ఇంటికి కర్ర గుంజలు ఆధారం. గుంజల మీద దూలం, దూలం మీద వాసాలు, వాటిపైన గూన పెంకు. గోడ అంటే వెదురు తడిక మీద మెత్తిన మట్టి. ఈ ఇంట్లో బరువు ఏ దారిన నేలకు దిగుతున్నదో చిన్నపిల్లవాడు కూడా వేలు పెట్టి చూపించగలడు. ఇంటి ఎముకలన్నీ బయటే ఉన్నాయి. కాబట్టి పరీక్షకు ఒక చేయి, ఒక చెవి, ఒక కత్తి మొన చాలు. గుంజను తట్టాలి. గట్టి కర్ర గట్టిగా పలుకుతుంది, లోపల తినేసిన కర్ర డొల్లగా పలుకుతుంది. ఆ తరువాత గుంజ మొదట్లో, సరిగ్గా నేల మట్టం దగ్గర, కత్తి మొనతో గుచ్చి చూడాలి.

నేల మట్టం దగ్గరే ఎందుకు? కర్రను కుళ్ళబెట్టే శిలీంధ్రాలకు నీరూ కావాలి, గాలీ కావాలి. కర్రలో తేమ సుమారు 20 శాతం కంటే తక్కువగా ఉంటే అవి పెరగలేవు. అందుకే పైకప్పు కింద పొడిగా ఉన్న దూలం తరాలపాటు నిలుస్తుంది. పూర్తిగా నీట మునిగిన కర్రకు గాలి అందదు, అదీ నిలుస్తుంది. తేమా గాలీ రెండూ సమృద్ధిగా దొరికే చోటు మట్టి, గాలి కలిసే ఆ జానెడు మేర. గుంజ పైన ఇనుములా ఉండి కింద పిండిలా రాలిపోవడానికి కారణం ఇదే.

రెండో శత్రువు చెద. చెదపురుగు ఒంటి చర్మం పలచన, పొడి గాలిలో ఎండిపోతుంది. అందుకని అది బయట నడవదు. మట్టిని లాలాజలంతో కలిపి సన్నని గొట్టంలా దారి కట్టుకుంటూ, ఆ చీకటి తేమలోనే నేల నుంచి కర్రదాకా పాకుతుంది. గోడ మీద పెన్సిలు మందాన మట్టి గీత కనిపిస్తే అది మురికి కాదు, చెదల రహదారి. దాన్ని కొంచెం విరిచి నాలుగు రోజుల తరువాత చూడండి. మళ్ళీ అతికించి ఉంటే లోపల రాకపోకలు సాగుతున్నట్లే. మన ప్రాంతపు చెదలలో చాలా జాతులు కర్రను తామే జీర్ణించుకోలేక, పుట్టలో బూజు తోటలు పెంచి వాటికి మేతగా వేస్తాయి. వానాకాలంలో ఆ తోటలే పైకి తలెత్తుతాయి. పుట్టగొడుగు అన్న మాటలోనే ఈ జీవశాస్త్రమంతా ఉంది.

ఇదంతా పాత విద్య. ఇప్పుడు పక్కా ఇళ్ళ పథకం (ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ్, 2016) వంటి వాటితో సిమెంటు, ఇనుము అడవి పల్లెలకూ చేరుతున్నాయి. కాంక్రీటుకు చెద పట్టదు, అది మేలే. కాని గుంజను తట్టి రోగం చెప్పగల పెద్దమనిషికి స్లాబు ముందు ఆ విద్య పనికిరాదు. చింతలనార్‌లోనైనా, ఖమ్మంలోనైనా, హైదరాబాదులోనైనా కాంక్రీటు ఇల్లు తన ఎముకలను దాచుకుంటుంది. పైన సిమెంటు పూత, దాని మీద లప్పం, ఆపైన రంగు.

స్లాబు లోపల జరిగే రసాయనం

కాంక్రీటు నొక్కుడు బలానికి బాగా తట్టుకుంటుంది, లాగుడు బలానికి తట్టుకోలేదు. ఆ లోటు తీర్చడానికే లోపల ఉక్కు కడ్డీలు. మరి తడి కాంక్రీటులో ఇనుము తుప్పు పట్టదా? మామూలుగా పట్టదు. సిమెంటు గట్టిపడేటప్పుడు కాల్షియం హైడ్రాక్సైడు, అంటే సున్నం, తయారవుతుంది. దాని వల్ల కాంక్రీటు లోపలి నీటి పీహెచ్ 12.5 నుంచి 13 వరకు ఉంటుంది. ఇంత క్షారత్వంలో ఉక్కు మీద అతి పలుచని ఆక్సైడు పొర ఏర్పడి కవచంలా కాపాడుతుంది.

ఈ కవచానికి మన ఊపిరే శత్రువు. గాలిలోని కార్బన్ డై ఆక్సైడు కాంక్రీటు రంధ్రాల్లోకి మెల్లమెల్లగా చొరబడి సున్నాన్ని కాల్షియం కార్బొనేటుగా మారుస్తుంది. సున్నపు తేటలోకి గొట్టంతో ఊదితే అది పాలలా తెల్లబడటం మీరు తరగతిలో చూసే ఉంటారు. అదే చర్య ఇక్కడ ఏళ్ళ తరబడి నడుస్తుంది. మారిన భాగంలో పీహెచ్ 9 కంటే దిగువకు పడిపోతుంది. ఆ మార్పు సరిహద్దు కడ్డీని చేరిన రోజున కవచం కరిగిపోతుంది. ఇక తేమ తగిలితే తుప్పే. తుప్పు తాను తిన్న ఇనుము కంటే రెండు నుంచి ఆరు రెట్లు చోటు ఆక్రమిస్తుంది. లోపలి నుంచి అంత ఒత్తిడి వస్తే కాంక్రీటు కడ్డీ పొడవునా చిట్లుతుంది, పెచ్చులు ఊడి పడతాయి. సజ్జ కింద, బాల్కనీ అంచున, స్నానాలగది కింది కప్పులో పెచ్చులు ముందుగా ఊడేది అక్కడ తేమ ఎక్కువ కాబట్టే.

ఇక్కడ లెక్కలు ఇష్టపడే విద్యార్థులకు ఒక సంగతి. ఈ సరిహద్దు లోపలికి ఒకే వేగంతో నడవదు. అది పోయిన దూరం కాలానికి కాదు, కాలం వర్గమూలానికి అనులోమానుపాతంలో ఉంటుంది. ఒక కాంక్రీటులో అది 4 ఏళ్ళలో 8 మి.మీ. పోయిందనుకుందాం. 16 మి.మీ. చేరడానికి 8 ఏళ్ళు కాదు, 16 ఏళ్ళు పడుతుంది. ఇదే కాంక్రీటులో కడ్డీల మీద 20 మి.మీ. మందం కప్పు ఉంటే సరిహద్దు వాటిని చేరడానికి 25 ఏళ్ళు. సెంట్రింగు మీద కడ్డీల కింద బిళ్ళలు పెట్టడానికి బద్ధకించి 10 మి.మీ. కప్పే వదిలితే? 25లో సగం పన్నెండున్నర అనుకుంటాం. కాదు, ఆరేళ్ళ పైచిలుకు! సగం మందం తగ్గితే రక్షణ కాలం నాలుగో వంతుకు పడిపోతుంది. మామూలు పరిస్థితుల్లో స్లాబుకు కనీసం 20 మి.మీ., స్తంభాలకు 40 మి.మీ. కప్పు ఉండాలని మన జాతీయ ప్రమాణం ఐఎస్ 456 చెప్పడం వెనుక ఉన్నది ఈ వర్గమూలమే. సముద్రతీరంలో ఇది చాలదు. విశాఖ, కాకినాడ వంటి చోట్ల ఉప్పుగాలిలోని క్లోరైడు సున్నం చెక్కుచెదరకుండా ఉన్నా సరే కవచాన్ని గుచ్చి చిల్లులు పొడుస్తుంది.

ఆ సరిహద్దు ఎంతవరకు వచ్చిందో చూడటానికి వాడే మందు మీ రసాయనశాల బల్ల మీదే ఉంది. అదే ఫినాఫ్తలీన్. కాంక్రీటును ఒక మూల కొద్దిగా పగలగొట్టి, దుమ్ము దులిపి, అప్పుడే బయటపడిన ముఖం మీద ఈ ద్రావణం చల్లుతారు. క్షారం మిగిలి ఉన్న చోట గులాబీ రంగు తేలుతుంది. చచ్చిన చోట రంగు రాదు. రంగు రాని పట్టీ వెడల్పును స్కేలుతో కొలవడమే. కడ్డీ గులాబీ రంగులో ఉంటే నిశ్చింత, తెల్ల పట్టీలో ఉంటే బేరం మళ్ళీ మొదలు. ఇంత చవకగా ఇంత సంగతి చెప్పే పరీక్ష మరొకటి లేదని నా అభిప్రాయం. అయితే అమ్మేవాడి అనుమతి లేకుండా ఎవరి సజ్జనూ పగలగొట్టకండి!

తట్టి వినే యంత్రాలు

పగలగొట్టకుండా తెలుసుకునే దారులూ ఉన్నాయి. మొదటిది స్విట్జర్లాండు ఇంజినీరు ఎర్నెస్ట్ ష్మిట్ రూపొందించిన సుత్తి. స్ప్రింగు బలంతో ఒక ఉక్కు ముద్ద కాంక్రీటును కొట్టి వెనక్కు ఎగురుతుంది. గట్టి నేల మీద బంతి ఎక్కువ ఎగిరినట్లే, గట్టి కాంక్రీటు మీద ముద్ద ఎక్కువ ఎగురుతుంది. ఎగిరిన దూరాన్ని బట్టి బలం అంచనా వేస్తారు. దీన్ని గుడ్డిగా నమ్మరాదు. అంచనాలో 25 శాతం అటూ ఇటూ తేడా ఉండవచ్చని మన ప్రమాణ పత్రమే ఒప్పుకున్నది. పైగా ఇందులో ఒక తమాషా ఉంది. ఇందాక చెప్పుకున్న కార్బొనేటు మార్పు పైపొరను గట్టిపరుస్తుంది. అంటే పాత, రోగిష్టి కాంక్రీటు ఈ సుత్తికి మరింత ఆరోగ్యంగా కనిపించవచ్చు. ఫినాఫ్తలీన్ పరీక్ష లేకుండా సుత్తి లెక్క మాత్రమే చూపించే నివేదికను అనుమానించడానికి ఇది చాలు.

రెండోది అతిధ్వని పరీక్ష. స్తంభానికి ఒక వైపు నుంచి చెవికి వినపడని ధ్వని తరంగాన్ని పంపి, రెండో వైపు చేరడానికి పట్టిన కాలం కొలుస్తారు. 30 సెం.మీ. స్తంభాన్ని దాటడానికి 75 మైక్రోసెకన్లు పడితే వేగం సెకనుకు 4 కి.మీ., అంటే కాంక్రీటు నిండుగా ఉంది. అదే 110 మైక్రోసెకన్లు పడితే వేగం 2.7 కి.మీ. మాత్రమే. సెకనుకు 3 కి.మీ. కంటే తగ్గితే లోపల బోలు, చీలిక లేదా కంకర సరిగా కూరని చోటు ఉన్నట్లు అనుమానించాలి. తరంగం గాలి ఖాళీని చుట్టి రావలసి వస్తుంది, అదీ ఆలస్యానికి కారణం. కుండను తట్టి విన్నదీ ఇదే, గడియారం మాత్రం కొత్తది.

కడ్డీ ఎంత లోతులో ఉందో విద్యుదయస్కాంత ప్రేరణతో చెప్పే మీటరు కూడా ఉంది. గోడల తేమను విద్యుత్ నిరోధంతో కొలిచే మీటరు మరొకటి. ఇవేవీ లేకపోయినా మీరు చేయగలిగినది ఒకటుంది. ఇల్లు చూడటానికి వానాకాలంలో వెళ్ళండి, వాన వెలిసిన మర్నాడైతే మరీ మంచిది. స్లాబు మీద నీరు ఎక్కడ నిలిచిందో, గోడ ఎక్కడ చెమ్మగిల్లిందో, అడుగున తెల్లగా ఉప్పు ఎక్కడ పూసిందో రంగుల కంపెనీ కూడా దాచలేని రోజు అది. నాలుగు గోడల్లో ఒక్క గోడకే కొత్త రంగు ఉంటే, ఆ గోడనే ముందు తట్టండి.

పగుళ్ళ భాష

పగులు కనిపించగానే బెదిరిపోనక్కరలేదు. వెంట్రుక మందాన, అల్లిబిల్లిగా ఉన్నవి సాధారణంగా సిమెంటు పూత ఎండి కుంచించుకుపోయినవే. కిటికీ మూల నుంచి ఏటవాలుగా, మెట్లు మెట్లుగా ఇటుక సందుల వెంట పాకిన పగులు వేరు. పునాదిలో ఒక భాగం కదిలిందని అది చెబుతుంది. దూలం అడుగున, స్తంభం నిలువునా కడ్డీ వెంట నడిచిన పగులు తుప్పు సంకేతం.

కదలిక ఆగిందా, సాగుతున్నదా అన్నది అసలు ప్రశ్న. పగులుకు అడ్డంగా సన్నని గాజు ముక్కను అతికిస్తారు. కదలిక ఉంటే గాజు పుటుక్కున విరుగుతుంది. లేదా పగులు చివర పెన్సిలుతో గీత గీసి తేదీ వేస్తారు. రెండు నెలల తరువాత పగులు గీత దాటిందో లేదో చూస్తే సరిపోతుంది.

మన రాష్ట్రాల్లో పునాదులను కదిలించే ప్రధాన దొంగ నల్లరేగడి నేల. ఇందులోని మాంట్‌మోరిల్లొనైట్ అనే బంకమన్ను పొరల మధ్యకు నీరు చేరితే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. గుంటూరు, కర్నూలు, ఆదిలాబాదు ప్రాంతాల చేలలో ఎండాకాలం నెర్రెలు చూసినవారికి దీని బలం తెలుసు. ఇంటి నడిమి నేల తేమగా ఉండి, చుట్టూ అంచులు ఎండిపోతే ఇల్లు వంగుతుంది. తలుపు ఒక కాలంలో పట్టేసి మరో కాలంలో వదులైతే కారణం చెక్క ఒక్కటే అనుకోకండి. ఉబ్బే పొరను దాటి దిగువనున్న నిలకడైన పొరలో కాలూనేలా, అడుగున గంటలా వెడల్పయ్యే పునాది స్తంభాలను రూర్కీలోని కేంద్రీయ భవన పరిశోధన సంస్థ అభివృద్ధి చేసింది. అవి వేశారా, మామూలు గుంతల పునాదేనా అన్నది అమ్మేవారిని అడగవలసిన ప్రశ్న.

విచిత్రమేమంటే, మనవాళ్ళు పెద్ద సంఖ్యలో స్థిరపడిన అమెరికాలోని డల్లాస్ చుట్టుపక్కల కూడా ఇటువంటి నల్లటి ఉబ్బుడు నేలే ఉంది. అక్కడ వేసవిలో పునాది చుట్టూ చిల్లుల గొట్టం వేసి నేలకు నీరు తాపుతారు, మొక్కల కోసం కాదు, ఇల్లు పగలకుండా! గుంటూరులో రేగడి నేలను చూసి పెరిగిన మనిషి అక్కడ ఇల్లు కొంటూ పునాది తనిఖీకి డబ్బు కడతాడు. గుంటూరులో కొనేటప్పుడు మాత్రం కట్టడు.

పైన మోపిన బరువు

2025 మార్చి 26న భద్రాచలంలో నిర్మాణంలో ఉన్న బహుళ అంతస్తుల భవనం కూలి కూలీలు ప్రాణాలు కోల్పోయారు. పాత కట్టడం మీదనే అంతస్తులు లేపారని అప్పట్లో పత్రికలు రాశాయి. 2016 డిసెంబరులో హైదరాబాదు నానక్‌రామ్‌గూడలో కడుతూ ఉన్న ఏడంతస్తుల భవనం కూలినప్పుడు చనిపోయినవారూ ఎక్కువగా కూలి కుటుంబాలే. 2013 జూలైలో సికింద్రాబాదులో కూలినది పాత హోటలు. ఈ కేసుల కారణాలు ఒకదానికొకటి వేరు కావచ్చు. కాని ఇల్లు కొనేవాడికి ఇవి ఒక ప్రశ్న నేర్పుతాయి. పునాది, స్తంభాలు ఎన్ని అంతస్తులకు లెక్క వేసినవి?

లెక్క చూద్దాం. కాంక్రీటు ఘనపు మీటరు 2,500 కిలోలు తూగుతుంది. 10 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు, 12.5 సెం.మీ. మందం ఉన్న స్లాబు ఒక్కటే 31 టన్నులు. దానికి దూలాలు, గోడలు, నేల రాళ్ళు, నీళ్ళ ట్యాంకు, మనుషులు కలపండి. ఒక అంతస్తు పెంచడమంటే దాదాపు ఇంకొక ఇల్లు తెచ్చి నెత్తిన పెట్టడమే. మంజూరైన ప్లానులో రెండంతస్తులు ఉండి ఎదురుగా నాలుగు కనిపిస్తే, తక్కిన పరీక్షలన్నీ తరువాత.

భూకంపం మాటేమిటంటారా? భద్రాచలం ప్రాంతంలో 1969 ఏప్రిల్ 13న 5.7 తీవ్రతతో భూమి కంపించింది. 2024 డిసెంబరు 4 ఉదయం ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో వచ్చిన కంపం హైదరాబాదు దాకా తెలిసింది. గోదావరి లోయ నిద్రపోయే నేల కాదు. కింద కార్ల కోసం గోడలు లేకుండా స్తంభాల మీదే నిలబెట్టిన అపార్టుమెంట్లకు ఇది ముఖ్యం. 2001 గుజరాత్ భూకంపంలో, కేంద్రానికి 200 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న అహమ్మదాబాదులో కూలినవాటిలో ఇటువంటివే ఎక్కువ. పై అంతస్తులు గోడల వల్ల పెట్టెలా బిగిసి ఉంటే, ఊగుడంతా కింది స్తంభాల మీదే పడింది.

ఎవరిని పిలవాలి?

మన దేశంలో గృహ తనిఖీదారులకు ప్రత్యేక లైసెన్సు చట్టం లేదు. కాబట్టి కావలసింది బోర్డు కాదు, చదువు. నిర్మాణ ఇంజినీరింగు తెలిసినవారు, మునిసిపాలిటీ లైసెన్సు ఉన్న స్ట్రక్చరల్ ఇంజినీర్లు తగినవారు. వరంగల్ నిట్, హైదరాబాదు జేఎన్‌టీయూ వంటి సంస్థల సివిల్ విభాగాలు కాంక్రీటు పరీక్షలు రుసుము మీద చేస్తాయి. అప్పిచ్చే బ్యాంకు పంపే ఇంజినీరు ఉన్నాడు కదా అనుకోవద్దు. ఆయన బ్యాంకు కోసం వస్తాడు, ఇంటి ధర చెబుతాడు. ఇంటి ఆరోగ్యం ఆయన పని కాదు. బ్రోకరు తెచ్చిన నిపుణుడూ వద్దు. పరీక్ష చేసినవాడే మరమ్మతు పనీ ఒప్పుకుంటానంటే అసలే వద్దు. అమెరికా సంఘం నియమావళి ప్రకారం, తాను పరీక్షించిన భాగాలకు ఏడాదిపాటు డబ్బు తీసుకుని మరమ్మతు చేయకూడదు.

చట్టం కొంత తోడుంటుంది. 2016 నాటి రియల్ ఎస్టేట్ చట్టం 14వ సెక్షను ప్రకారం, స్వాధీనం చేసిన నాటినుంచి 5 ఏళ్ళలోపు నిర్మాణ లోపం బయటపడితే బిల్డరు 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలి. ఆ అయిదేళ్ళు నిండకముందే ఒకసారి పరీక్ష చేయించుకోవడం తెలివైన పని. పాత ఇల్లు ఒక వ్యక్తి నుంచి కొనేటప్పుడు వర్తించేది 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం. తనకు తెలిసిన ముఖ్యమైన లోపాన్ని అమ్మేవాడు చెప్పి తీరాలని దాని 55వ సెక్షను అంటుంది. కాని మామూలు జాగ్రత్తతో కొనేవాడు కనిపెట్టగలిగిన లోపానికి ఈ రక్షణ లేదు. ఊడిన పెచ్చు, గోడ మీది చెద గీత మీరు చూసుకోవలసినవే.

భద్రాచలం వంటి షెడ్యూల్డు ప్రాంతాల్లోనైతే ఇంటికంటే ముందు నేల సంగతి చూడాలి. 1970 నాటి ఒకటో రెగ్యులేషన్ ప్రకారం అక్కడ గిరిజనేతరుల పేర స్థిరాస్తి బదిలీ చెల్లదు. ఏ సుత్తీ, ఏ అతిధ్వనీ ఆ లోపాన్ని పట్టుకోలేవు, సరిచేయలేవు.

నివేదిక చేతికి వచ్చాక చివరి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టండి. "చూడలేకపోయినవి" అనే జాబితా అక్కడ ఉండాలి. తాళం వేసిన గది, ఎక్కలేకపోయిన ట్యాంకు, అల్మారా వెనుక గోడ వంటివి అందులో రాస్తారు. ఆ జాబితా లేని నివేదికను వెనక్కు పంపి రాయించుకోండి. ఉన్నదైతే, అడ్వాన్సు ఇచ్చే ముందు ఆ తాళాలు తీయించి, ఇంజినీరును మరొక్కసారి తీసుకువెళ్ళండి.